తడి చెయ్యి, వెచ్చని అన్నం

సుషీ తినొచ్చామని ఎవరైనా అంటే మనవాళ్లు ముందు అడిగేది చేప గురించే. పచ్చిదేనా? నీచు వాసన రాలేదా? ఎట్లా మింగినావు సామీ? తిన్నవాడూ చేప గురించే చెబుతాడు. దాని కింద ఒదిగి కూర్చున్న అన్నం ఊసు ఎవరూ ఎత్తరు. సుషీ చేసేవాడి పనితనం ముప్పాతిక మూడువీసాలు ఆ అన్నంలోనే ఉంటుంది. చేప బాగుందంటే ఆ గొప్పలో సముద్రానికీ, పడవవాడికీ, ఐసు పెట్టెకీ వాటా ఉంది. అన్నం బాగుందంటే ఆ మెప్పంతా వంటవాడిదే. పూటపూటా అన్నం ముట్టే మనకు ఈ తేడా పట్టుకోవడం కష్టం కాకూడదు.

కుప్పం దగ్గరి మా శాంతిపురంలో సుషీ దొరకదు. రామెన్ అనే జపాన్ నూడుల్స్ పులుసు దొరుకుతుంది గానీ ప్యాకెట్లో. కిరాణా కొట్టు ముందు షాంపూ సాచెట్ల పక్కన వేలాడే టాప్ రామెన్, జపాన్‌కు చెందిన నిస్సిన్ కంపెనీది. ఆ కంపెనీ పెట్టిన మోమొఫుకు ఆండో తన మొదటి ప్యాకెట్ నూడుల్స్‌ను 1958 ఆగస్టు 25న అమ్మకానికి తెచ్చాడు. ఉడికించిన సేమ్యాలాంటి తీగల్ని నూనెలో వేయించి తేమంతా పోగొడితే, తర్వాత వేడినీళ్లు పోసినప్పుడు అవి మళ్లీ మెత్తబడతాయని ఆయన కనిపెట్టాడు. పనంతా ఫ్యాక్టరీలోనే ముగించి మనకు నీళ్లు మరిగించడం ఒక్కటే మిగిల్చిన తెలివి అది. అదే రామెన్‌ను ఒక మనిషి మన కళ్లముందు చేత్తో వండగా తినాలంటే మాత్రం కుప్పం స్టేషన్లో రైలెక్కాలి. సుమారు రెండు గంటల్లో బెంగళూరు.

బెంగళూరులో జపాన్ హోటళ్లు సరదాకు పుట్టినవి కావు. 1997లో టయోటా కిర్లోస్కర్ కంపెనీ ఏర్పడి బిడదిలో కార్లు చేయడం మొదలుపెట్టాక, దాని వెనకే విడిభాగాల కంపెనీలు వచ్చాక, జపాన్ ఉద్యోగుల సంసారాలు నగరంలో పెరిగాయి. ఇంటి తిండికి మొహం వాచిన ఆ ఉద్యోగుల కోసం వండే చోట్లు ఏర్పడ్డాయి. రెసిడెన్సీ రోడ్డులో దేవతా ప్లాజా మేడమీదున్న హరిమా అలాంటి పాత పేరు. ఆ తర్వాతి తరంలో శాంతినగర్ వైపు కె.హెచ్. రోడ్డులో నారు నూడుల్ బార్ వచ్చింది. దాన్ని నడిపే కవన్ కుట్టప్ప కొడగు మనిషి. రామెన్ ఒక్కదాన్నే నమ్ముకున్న చిన్న చోటు అది, నూడుల్స్ కూడా అక్కడే చేసుకుంటారు. ముందుగా ఆన్‌లైన్‌లో సీటు పట్టుకోకపోతే దొరకదు, తెరిచిన కాసేపటికే బుకింగ్ నిండిపోతుంది. మన రాష్ట్రంలో ఇలాంటి అవసరం ఎక్కువగా ఉన్నది శ్రీసిటీ వైపు. ఇసుజు అక్కడ 2016లో ఫ్యాక్టరీ తెరిచింది, డైకిన్, కొబెల్కో కూడా అక్కడే ఉన్నాయి.

ఇక బియ్యం. సుషీకి వాడేది పొట్టి గింజ జపానికా రకం. అందులో కొషిహికారికి పేరెక్కువ. మన సన్నబియ్యంలో అమైలోజ్ అనే పిండి పదార్థం ఎక్కువ కనుక మెతుకు దేనికదే విడిపోతుంది. జపానికాలో అది తక్కువ కనుక మెతుకులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మనం మెచ్చేది పొడిపొడిగా ఉన్న అన్నం, వాళ్లు మెచ్చేది అంటుకునే అన్నం. అంతమాత్రాన రెండింటికీ చుట్టరికం లేదనుకోకండి. మన ఇళ్లలో ఉడికే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. దాన్ని పుట్టించిన రకాల్లో ఒకటి మసూరి. ఆ మసూరి వంశం తీస్తే, 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పూనికతో కటక్‌లో జరిగిన జపానికా, ఇండికా సంకరాల దాకా వెళ్తాం. మలేసియాలో స్థిరపడి 1965లో రైతుల చేతికొచ్చిన ఆ రకానికి ఒక పక్క మలయా వరి, మరో పక్క తైచుంగ్ 65. ఈ తైచుంగ్ 65 తైవాన్ జపాన్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో జపాన్ శాస్త్రవేత్తలు అక్కడ తయారుచేసిన జపానికా రకం. మన పెళ్లి భోజనాల్లో వడ్డించే సన్నన్నంలోనే జపానికా రక్తం ఒక చుక్క ఉందన్నమాట. ఈ సంగతి తెలిశాక సుషీ నాకు పరాయి తిండిగా అనిపించడం మానేసింది.

వండే తీరు చూడండి. నీళ్లు తేటబడేదాకా బియ్యం కడుగుతారు. గట్టిగా రుద్దరు, గింజ విరిగితే పిండి కారి అన్నం జిగురవుతుంది. అరగంటో ఇంకాస్త ఎక్కువో నానబెట్టి, దాదాపు సమానంగా నీళ్లు పోసి, గంజి వార్చకుండా వండుతారు. పొయ్యి ఆపాక మూత తీయకుండా ఉమ్మగిల్లనిస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. అన్నాన్ని హాంగిరి అనే వెడల్పాటి లోతులేని చెక్క తొట్టిలోకి వంచుతారు. తొట్టిని ముందే తడిపి తుడిచి ఉంచుతారు. ఎండు చెక్కయితే వెనిగర్‌ను అదే తాగేస్తుంది, మెతుకులూ అంటుకుపోతాయి. అన్నం పొగలు కక్కుతుండగానే వెనిగర్, ఉప్పు, చక్కెర కరిగించిన నీళ్లను గరిటె మీదుగా జారేటట్టు అంతటా పోస్తారు. ఆలస్యమైతే పులుపు పైపైనే నిలిచిపోతుంది, లోపలికి దిగదు.

ఇక్కడి గరిటె పనిని కలపడం అనలేం, కోయడం అనాలి. చదునైన చెక్క గరిటె అంచును ఏటవాలుగా దించి పక్కకు లాగుతారు, మళ్లీ దించుతారు. తిప్పితే మెతుకు నలుగుతుంది. రెండో చేత్తోనో, పక్కన నిలబడ్డ కుర్రవాడితోనో విసనకర్ర ఆడుతూ ఉంటుంది. విసరడం చల్లార్చడానికే అనుకుంటాం. పైనున్న తడి ఎగిరిపోయి మెతుకు నిగనిగలాడేది కూడా ఆ గాలి వల్లే. చివరికి అన్నం మనిషి ఒంటివేడి దగ్గరికి వచ్చి ఆగాలి. ఫ్రిజ్‌లో పెట్టిన సుషీ పెట్టె కొన్నవాళ్లకు ఆ గట్టి, పలుకు అన్నం అనుభవమే. దాన్నిబట్టి సుషీ మీద తీర్పు చెప్పడం అన్యాయం.

ఆ వెచ్చని అన్నం ముద్ద ఎలా అవుతుందో కౌంటర్ ముందు కూర్చుంటే తెలుస్తుంది. బల్లకు ఇవతల మనం, అవతల అతను. మధ్య ఒక పలకో, గాజు పెట్టో. అతని కుడి పక్కన మూతపెట్టిన అన్నం తొట్టి, ముందు ఒక చిన్న గిన్నెలో వెనిగర్ కలిపిన నీళ్లు. మొదట వేళ్లు ఆ నీళ్లలో ముంచి అరచేతులు రెండూ ఒకసారి చరుస్తాడు. ఎక్కువైన తడి చెదిరిపోతుంది, చాలినంత మిగులుతుంది. కుడిచెయ్యి తొట్టిలోకి వెళ్లి చూడకుండానే ఒక చిన్న ముద్ద, అంటే 15 నుంచి 20 గ్రాముల అన్నం తీస్తుంది. ఎక్కువ వస్తే కొన్ని మెతుకులు తొట్టిలోనే రాలిపోతాయి. ఈలోగా ఎడమచెయ్యి చేప ముక్కను వేళ్ల మొదళ్ల మీద పరుచుకుంటుంది. కుడి చూపుడువేలు కొసన ఇందాకటి నుంచి వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్ద కొంచెం కాచుకుని ఉంది. అన్నాన్ని అరచేతిలోనే పట్టుకుని, ఆ వేలితో వసాబిని చేప మీద ఒక్క గీత గీస్తాడు. అన్నాన్ని చేప మీద ఆనిస్తాడు. ఎడమ బొటనవేలు అన్నం నడుమ చిన్న గుంట నొక్కుతుంది. లోపల గాలి నిలిచేది ఆ గుంటలోనే. ఆ తర్వాత ముద్ద వేళ్ల మీదుగా దొర్లి తలకిందులవుతుంది, చేప పైకొస్తుంది. కుడిచేతి రెండు వేళ్లు పైన ఆని, ఎడమ వేళ్లు పక్కల్ని అదిమి, ముద్దను అటునుంచి ఇటు తిప్పి ఇంకోసారి అదిమి, పలక మీద పెట్టేస్తాడు. ఇంత చెప్పడానికి పట్టిన సమయంలో అతను అలాంటివి అరడజను పెట్టగలడు.

మన వైపు సంగటి కట్టే ఇల్లాలు ఈ తడి చెయ్యిని చూసి వెంటనే గుర్తుపడుతుంది. నూకలు ఉడుకుతుండగా రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, కట్టెతో గెలికి దించాక, కాలుతున్న సంగటిని చేత్తో ముట్టాలంటే నీళ్లే దిక్కు. తడి తక్కువైతే చేతికి అంటుతుంది, ఎక్కువైతే ముద్ద పైన జారుగా తయారవుతుంది. చాలినంత తడి ఎంతో ఎవరూ కొలిచి చెప్పలేరు, చెయ్యే చెప్పాలి. తేడా అదుములో ఉంది. సంగటి ముద్ద బిగువుగా, పగులు లేకుండా, ఊరుబిండి అద్దుకున్నా విడిపోకుండా ఉండాలి. నిగిరి అనే ఈ సుషీ ముద్ద వేళ్లతో ఎత్తినప్పుడు నిలబడాలి, నోట్లో పెట్టగానే మెతుకు మెతుకుగా విడిపోవాలి. ఈ రెండు పనులూ ఒకే అదుములో ఇమడాలి. ఇంతకన్నా గట్టిగా అదిమితే నోట్లో పిండిముద్దలా నమలాల్సి వస్తుంది, వదులుగా అదిమితే సోయా గిన్నెలో కూలిపోతుంది. బెంగళూరు కౌంటర్ల వెనక ఎక్కువగా కనిపించేది నేపాల్, ఈశాన్య రాష్ట్రాల కుర్రవాళ్లు. ఈ అదుము వాళ్లు ఎక్కడో పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, ఒక గురువు పక్కన నిలబడి నేర్చుకున్నది. చెయ్యి తిరిగాక ఏ ఊరి చెయ్యని ముద్ద అడగదు.

అన్నంలో వెనిగర్ ఎందుకు పోస్తారో తెలిస్తే కౌంటర్ వెనక ఆ వేగం కూడా అర్థమవుతుంది. మొదట్లో సుషీ నిల్వ పద్ధతి. ఉప్పు పట్టించిన చేపల్ని అన్నంలో పూడ్చి నెలల తరబడి పులియబెట్టేవారు. అన్నం పులిసి చేపను కాపాడేది. తినేటప్పుడు అన్నం చాలావరకు పారేసేవారు. బీవా సరస్సు చుట్టుపక్కల ఫునాజుషి పేరుతో ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. వాసన గట్టిది, అందరికీ పడదు. ఎదో నగరం, అంటే ఇప్పటి టోక్యో, జనంతో కిక్కిరిసిన కాలానికి అన్ని నెలలు ఆగే ఓపిక ఎవరికీ లేదు. పులుపు పులియడంతో రావాల్సిన పనిలేకుండా వెనిగర్‌తో తెచ్చుకున్నారు. 1804లో హందా పట్టణంలో నకానో మతజాయెమోన్ సాకె అనే బియ్యపు మద్యం తీయగా మిగిలిన పిప్పితో వెనిగర్ చేయడం మొదలుపెట్టాడు. అది చవకగా ఎదోకు చేరింది. ఈనాటి మిజ్కాన్ కంపెనీ అక్కణ్నుంచి వచ్చిందే. 1820ల్లో హనాయా యొహేయి అనే ఆయన వెనిగర్ అన్నం మీద చేపముక్క పెట్టి చేత్తో అదిమి అమ్మడాన్ని పేరున్న వ్యాపారం చేశాడని చెబుతారు. నెలల పని నిమిషానికి దిగింది. అప్పటి ముద్ద ఇప్పటిదానికి రెండు మూడింతలు ఉండేది, తినేది బండి దగ్గర నిలబడి. ఇవాళ తెల్లటి చెక్క కౌంటర్ వెనక గంభీరంగా చేసే ఈ పని పుట్టింది రోడ్డు పక్కనే. 1923 భూకంపంలో టోక్యో నేలమట్టమయ్యాక అక్కడి సుషీ పనివాళ్లు చాలామంది సొంతూళ్లకు వెళ్లిపోయారు. జపాన్ అంతటా ఈ పద్ధతి పాకడానికి అదొక కారణం.

చేప గురించి చెప్పనే చెప్పనంటే ఒప్పుకోరు కదా. సుషీ మీద చేపను కోసి పెట్టడమే పని అనుకునేవాళ్లు కత్తిని గమనించాలి. యనగిబా అనే ఆ కత్తి సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఒక పక్కనే సాన ఉంటుంది. మడమ దగ్గర మొదలుపెట్టి కొస దాకా ఒక్క లాగుతో కోస్తారు. ముందుకీ వెనక్కీ ఆడించరు. అలా ఆడిస్తే కోసిన ముఖం గరుకెక్కి నీరు వదులుతుంది, నాలుకకు తెలిసిపోతుంది. జపాన్‌లో వంటవాళ్ల కత్తులకు సకాయ్ పట్టణం పేరుపడింది. ఇక కోసే ముందు చేయాల్సిన పని వేరే ఉంది. కొహదా అనే చిన్న వెండిరంగు చేపను ఉప్పులో ఇంతసేపు, వెనిగర్‌లో ఇంతసేపు అని చేప లావునుబట్టి, వాతావరణాన్నిబట్టి నానబెడతారు. తెల్ల చేపల్ని కొంబు అనే ఎండు సముద్రపు నాచు పొరల మధ్య పెట్టి, నీరు లాగించి రుచి ఎక్కిస్తారు. ఐసు లేని రోజుల్లో చేప చెడకుండా చూడటానికి పుట్టిన ఈ పద్ధతులు ఐసు వచ్చాక రుచి కోసం నిలిచాయి. 2011లో వచ్చిన ‘జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషీ’ డాక్యుమెంటరీలో జిరో ఓనో దుకాణంలో ఆక్టోపస్‌ను 40, 50 నిమిషాలు చేత్తో మర్దన చేయడం చూపిస్తారు. అక్కడే ఒక శిష్యుడు గుడ్డట్టు 200 సార్లకు పైగా చేస్తే గానీ గురువు సరే అనలేదని చెబుతాడు. గిన్జాలో పది సీట్ల దుకాణం అది.

పచ్చిది అంటే భయపడేవాళ్లకు ఒక మాట. సుషీకి వాడే సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉండే అవకాశం ఉంది. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకట్టిస్తే అది చస్తుందని జపాన్ ఆరోగ్యశాఖ చెబుతుంది. అమెరికా లెక్క ఇంకా కఠినం, అదే చలిలో 7 రోజులు. కాబట్టి గడ్డకట్టించిన చేప అనగానే మొహం చిట్లించకండి. మన దగ్గర ఎక్కువగా పెట్టే సాల్మన్ అసలు జపాన్ సుషీలో పాత చేప కూడా కాదు. 1980ల్లో నార్వేవాళ్లు తమ పెంపకపు సాల్మన్‌ను పచ్చిగా తినమని పట్టుబట్టి అమ్మాకే అక్కడ అలవాటైంది. ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. వీడియో చూసి చెరువు చేపతో ఇంట్లో ప్రయోగం చేయొద్దు. మంచినీటి చేపల్లో ఉండే పురుగులు వేరు, వాటితో ఆట వద్దు.

వసాబి గురించి రెండు మాటలు. నిజమైన వసాబి చల్లటి నీటివాగుల పక్కన పెరిగే మొక్క దుంప. సొరచేప చర్మం అతికించిన పలక మీద గుండ్రంగా అరగదీస్తారు. కణాలు నలిగినప్పుడే అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది, ముక్కుకెక్కే ఘాటు అదే. ఆవపిండిలోదీ అదే రసాయనం, ఆవాలు, వసాబి ఒకే కుటుంబం మొక్కలు. పుట్టిన పావుగంటకల్లా ఘాటు పలచబడిపోతుంది. కాబట్టి అప్పటికప్పుడు అరగదీయాలి. ఎక్కువ హోటళ్లలో దొరికే పచ్చటి ముద్ద మాత్రం హార్స్‌రాడిష్ దుంప పొడి, ఆవపిండి, రంగు. అదేమీ మోసం కాదు, అసలు దుంప ఖరీదు అలాంటిది. అసలుదనుకుని మురిసిపోకుండా ఉంటే చాలు.

సుషీలో పని కళ్లముందు జరుగుతుంది. రామెన్‌లో పనంతా మనం రాకముందే అయిపోతుంది. తలుపు తెరిచేసరికి పెద్ద కుండ రాత్రంతా మరిగి ఉంటుంది. కురుమె పట్టణంలో 1937లో ఒక బండి దగ్గర మొదలైన తొన్కొత్సు పద్ధతిలో పంది ఎముకల్ని పన్నెండు గంటలో, ఇంకా ఎక్కువో తెర్లా కాస్తారు. ఎముకల్లోని కొల్లాజెన్ కరిగి జిలాటిన్ అవుతుంది. కొవ్వు నీళ్లలో చితికి కలిసిపోయి పులుసు పాలలా తెల్లబడుతుంది. మంట తగ్గిస్తే తెల్లబడదు. దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి ఇంకొకటి. నీళ్లు మరుగుకు రాకుండా, బుడగ అక్కడొకటి ఇక్కడొకటి లేచేటట్టు సన్నటి సెగ మీద కాస్తే అద్దంలాంటి తేట పులుసు దిగుతుంది. అది కాసేవాడి పని ఇంకా కష్టం. తెల్లటి పులుసులో చిన్న తప్పులు దాగుతాయి, తేట పులుసులో ఏదీ దాగదు. పంది మాంసం ముట్టనివాళ్లకు కోడి ఎముకలతో చేసేవి ఉన్నాయి. నాటుకోడి పులుసు కాచే మనవాళ్లకు దాంతో పేచీ ఉండదు.

టోక్యో అసకుసాలో 1910లో ఓజకి కన్ఇచి, చైనా వంటవాళ్లను పెట్టుకుని రైరైకెన్ అనే దుకాణం తెరిచాడు. జపాన్ రామెన్ చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా అక్కణ్నుంచి మొదలుపెడతారు. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే రామెన్ ఉత్తరాన సప్పొరోలో 1950ల్లో వచ్చింది. వంశచరిత్ర ఇంతటితో చాలు, నూడుల్ దగ్గరికి వద్దాం.

గోధుమపిండి, నీళ్లు, ఉప్పు కలిపితే వచ్చే నూడుల్ రామెన్ నూడుల్ కాదు. కాన్‌సుయి అనే క్షారజలం పడాలి. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ కలిసిన ద్రవం అది. క్షారం తగిలి పిండిలోని గ్లూటెన్ బిగుస్తుంది, తీగకు సాగుడూ ఎగురుడూ వస్తాయి. పిండిలో సహజంగా ఉన్న ఫ్లేవనాయిడ్లు పసుపెక్కుతాయి. గుడ్డు వేశారేమో అనిపించే ఆ పసుపు చాలాసార్లు గుడ్డుది కాదు. పిండికి నీళ్లు వందకు 30, 35 పాళ్లు మాత్రమే. చపాతీ పిండిలా ముద్ద కాదు, చేత్తో పట్టుకుంటే తడి ఇసుకలా రాలుతుంది. దాన్ని రోలర్ల మధ్య మళ్లీమళ్లీ నడిపి పొరగా సాగదీసి, విశ్రాంతినిచ్చి, అప్పుడు తీగలుగా కోస్తారు. హకాతా వైపు సన్నటి తీగలు వేడినీళ్లలో నిమిషం కూడా ఉండవు. పులుసులో మెత్తబడకముందే తినేయాలని గిన్నెలో తక్కువే వేస్తారు. అయిపోయాక ‘కాయెదామా’ అంటే మిగిలిన పులుసులోకి ఇంకో విడత నూడుల్స్ తెచ్చి వేస్తారు. మారు వడ్డన వాళ్లకూ ఉందని తెలిసి ముచ్చటేసింది.

గిన్నె పేర్చడం చూడదగ్గ దృశ్యం. ముందు ఖాళీ గిన్నెను వేడినీళ్లతో వెచ్చబెడతారు. అడుగున తారె పడుతుంది. సోయా, ఉప్పు లేదా మిసోతో చేసిన చిక్కటి రుచిసారం అది, గిన్నె ఉప్పంతా దాంట్లోనే. కుండలోని పులుసుకు ఉప్పే ఉండదు. తర్వాత ఒక చెంచా వాసన నూనె. పైన మరిగే పులుసు. ఈలోగా నూడుల్స్ ఉడికే గడియ సరిగ్గా అప్పుడే పూర్తవ్వాలి. జల్లెడ ఎత్తి గట్టిగా ఒక్క విదుపు విదిలిస్తారు, రెండోది, మూడోది. అంటుకున్న నీళ్లు పులుసును పలచన చేస్తాయి కనుక ఆ విదుపులో పొదుపు పనికిరాదు. తీగల్ని పులుసులో దించి చాప్‌స్టిక్స్‌తో పైకెత్తి ఒక మడత వేసి పరుస్తారు. ఆ మడత మీద మాంసం ముక్కలు, పులియబెట్టిన వెదురు మొలకలు, ఉల్లికాడలు, నోరి అనే ఎండు నాచు రేకు. కోడిగుడ్డు సంగతి ప్రత్యేకం. ఆరు, ఏడు నిమిషాలు ఉడికించి వెంటనే ఐసునీళ్లలో వేసి, పెంకు తీసి, సోయా నీళ్లలో రాత్రంతా నానబెడతారు. సగానికి కోస్తే తెల్లసొన గట్టిగా, గోధుమరంగు పట్టి ఉండాలి. పచ్చసొన కారకూడదు, గట్టిపడకూడదు, తేనెలా నిలవాలి. ఈ గుడ్డు సరిగా లేని చోట మిగతా పని మీద కూడా నాకు నమ్మకం కుదరదు.

గిన్నె ముందుకొచ్చాక ఫోటోలు తీస్తూ కూర్చునేవాళ్లను చూస్తే వంటవాడి మీద జాలేస్తుంది. గడియకు సరిచూసి దించిన నూడుల్ మూడు నాలుగు నిమిషాల్లో ఉబ్బిపోతుంది. జుర్రుకుంటూ తినడం అక్కడ మర్యాదే. గాలితోపాటు లాగితే వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకు అందుతుంది. మన ఇంట్లో రసం జుర్రినట్టు జుర్రండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇలాంటి జపాన్ పులుసుల రుచికి మూలమేమిటని టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో కికునాయె ఇకెదా ఆరాతీశాడు. 1908లో కొంబు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టాడు. 1913లో షింతారో కొదామా, ఎండబెట్టి పొగపెట్టి బూజు పట్టించిన బొనిటో చేపలో ఇనోసినేట్‌ను పట్టుకున్నాడు. ఈ రెండూ కలిస్తే రుచి కూడిక లెక్కన కాక ఎన్నో రెట్లు పెరుగుతుందని 1957లో అకిరా కునినాకా తేల్చాడు. ఎండు షియిటాకె పుట్టగొడుగులోని గ్వానిలేట్ సంగతీ ఆయనదే. పండిన టమాటాలో గ్లుటమేట్ దండిగా ఉంటుంది. మదనపల్లె మార్కెట్‌లో తెల్లారి గుట్టలు పడే సరుకు అదే. ధరలేక రోడ్డు మీద పారబోసిన రోజుల్ని చూసినవాళ్లకు ఒక మాట చెప్పాలనిపిస్తుంది. ఎండబెట్టిన టమాటా, ఎండు పుట్టగొడుగు కలిపి శాకాహార రామెన్ పులుసు కాచే వంటవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మన ఊరి పంటతో జపాన్ పులుసు దిగడానికి అడ్డేమీ లేదు.

శాకాహారులు జాగ్రత్తగా ఉండాల్సింది చేపముక్క దగ్గర కాదు, అది కంటికి కనిపిస్తుంది. కంటికి కనపడనిది దాషి. మిసో సూప్‌లో, సాస్‌లో, ఉడికించిన కూరలో ఆ బొనిటో నీళ్లు ఉంటాయి. వెజ్ అని రాసి ఉన్నా అడిగి తెలుసుకోవాలి. అంతమాత్రాన శాకాహారి జపాన్‌లో మసలలేడని కాదు. మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కళాశాలను నడిపిన జేమ్స్ కజిన్స్ 1919లో టోక్యో కెయో విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. ఆయన పట్టుదల ఉన్న శాకాహారి. జెన్ ఆలయాల్లో షోజిన్ ర్యోరి పేరుతో చేపా మాంసమూ లేని వంట శతాబ్దాలుగా ఉంది కాబట్టి ఆ దేశానికి శాకాహారం తెలియనిదేం కాదు. దోసకాయ రోల్, కొంబు పుట్టగొడుగుల పులుసు, ఇవి ధైర్యంగా అడగొచ్చు. వేయించిన సోయా సంచిలో అన్నం కూరిన ఇనారి కూడా, ఆ సంచిని దాషిలో ఉడికించలేదని తేల్చుకున్నాక. ఇనారి తీపిగా ఉంటుంది, పిల్లలు మారడుగుతారు.

నాకు నచ్చనివి కూడా చెప్పాలి. మయోనైజ్, చీజ్, తీపి సాస్ ధారగా పోసి, పైన వేయించిన పలుకులు చల్లిన రోల్స్ మన నగరాల్లో బాగా అమ్ముడవుతున్నాయి. తినడానికి బాగానే ఉంటాయి, కాదనను. వాటి కింద అన్నం ఎలా ఉన్నా తెలియదు, అదే వాటితో చిక్కు. తిరిగే బెల్టు మీద పళ్లేలు వచ్చే దుకాణాల్ని మాత్రం చులకన చేయను. 1958లో హిగాషి ఒసాకాలో యొషియాకి షిరాయిషి, బీరు ఫ్యాక్టరీలో సీసాలు నడిచే బెల్టును చూసి ఆ ఆలోచన చేశాడు. పేదవాడు కూడా సుషీ తినగలిగింది దానివల్లే. బెల్టు మీద అరగంట తిరిగిన ముద్దకూ, చేతిలోంచి నేరుగా పలక మీదికి వచ్చిన ముద్దకూ ఉన్న తేడాను మాత్రం ఏ యంత్రమూ పూడ్చలేదు.

ఖరీదు తక్కువేం కాదు. ఒక పూట రామెన్‌కు పెట్టే డబ్బుతో కుప్పంలో ఇల్లంతా బిర్యానీ తినొచ్చు. అయినా ఏడాదికొకసారి ఈ పనితనానికి ఆ డబ్బు పెట్టడం దండగ కాదని నా తీర్పు. బెంగళూరు వెళ్లినప్పుడు మూలనున్న సోఫా వద్దని చెప్పి కౌంటర్ దగ్గరే సీటు అడగండి, తెరిచిన గంటలోనే వెళ్లండి, అప్పుడే అన్నం తొట్టి మంచి ఊపులో ఉంటుంది. పెట్టిన ముద్దను పెట్టినట్టే చేత్తో తీసుకుని, చేప వైపు మాత్రమే సోయాలో అద్ది, ఒక్క నోట తినండి. చేత్తో తినడం అక్కడ తప్పేం కాదు. అన్నం వైపు అద్దితే ముద్ద సోయా తాగి విరిగిపోతుంది. పచ్చి చేప పడదంటే గుడ్డట్టు పెట్టిన నిగిరి ఒక్కటి చెప్పండి. ఆ దుకాణం అన్నం ఎలాంటిదో తేల్చడానికి అదొక్కటి చాలు.